ముందు సీటు ఖాళీ

"పడిపోయారు సార్."

"ఎక్కడ?"

"అడవి మీదుగా వస్తుంటే."

"ఎలా పడిపోయారు?"

"లేచి నిలబడ్డారు. పడిపోయారు."

పొద్దుటి నుంచీ అదే మాట. ఒక్క అక్షరం అటూ ఇటూ కావటం లేదు. నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు, వీడు తడబడటం లేదు, బాగా వల్లె వేసుకుని వచ్చాడు అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్ గస్పార్ ఫోరెల్.

ఫోరెల్‌కి నలభై దాటాయి. కొంచెం బొజ్జ, బట్టతల. యుద్ధం రాకముందు దిజోన్‌లో పోలీసు ఇన్‌స్పెక్టరు. జర్మన్లు మీద పడ్డాక సైనిక పోలీసు కోటు తొడిగి ముందుకి పంపేశారు. ఈ వాల్మరే విమానాల మైదానానికి నిన్ననే వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ భయం వదలటం లేదు. ఉత్తరాన ఫిరంగి మోగినప్పుడల్లా తల భుజాల్లోకి ముడుచుకుంటున్నాడు. ఆ భయాన్ని పైకి కనపడనీయకుండా ఉండటం కూడా అతనికి చేతకావటం లేదు.

ఎదురుగా బల్ల అవతల కూర్చున్న కుర్రాడు సార్జెంట్ అన్సెల్మ్ కేరా. పైలట్. మొన్న ఉదయం లెఫ్టినెంట్ ఓదిలోన్ బ్రెసాక్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, శత్రువుల కందకాలు చూసి రావడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి ముందు సీటు ఖాళీ.

"నిన్ను కాల్చేస్తారు. తెలుసా?"

"తెలుసు."

"భయం లేదూ?"

"ఉంది సార్." కేరా పెదాలు తడుపుకున్నాడు.

అబద్ధం కాదు. కానీ ఫోరెల్ ఇంకో సంగతి గమనించాడు. బయట కాపలావాడు దగ్గితే చాలు, కేరా నోరు మూసుకుంటున్నాడు. తలుపు కిర్రుమంటే చూపు అటే పోతోంది. వీడికి భయం ఎదురుగా ఉన్న పోలీసంటే కాదు. వినే చెవులంటే.

ఫోరెల్ గొంతు తగ్గించి, మాట మార్చాడు. "బ్రెసాక్ ఎలాంటి మనిషి?"

"దేవుడి లాంటి మనిషి సార్. మిగతా ఆఫీసర్లకి పైలట్లంటే బండివాళ్ళ కింద లెక్క. ఆయన నన్ను తమ్ముడూ అనే పిలుస్తారు."

"పెళ్ళాం పిల్లలు?"

"రెతెల్‌లో చిక్కుకుపోయారు సార్. ఊరు జర్మన్ల చేతిలో పడింది కదా. భార్యా, ఆరేళ్ళ పాపా. ఫొటో తీసి ఊరికే చూసుకుంటారు."

"పైన చలి బాగా ఉంటుందటగా?"

"చాలా. ఆయనకి అసలు పడదు. ఎర్ర మఫ్లరు లేకుండా ఒక్క గంట ఉండలేరు."

"ఉండలేరా?" ఫోరెల్ నెమ్మదిగా అన్నాడు. "ఉండలేకపోయేవారా?"

కేరా ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పిలుస్తారు, చూసుకుంటారు, ఉండలేరు. అడవిలో పడి చచ్చిపోయిన మనిషి గురించి ఎవరూ అలా మాట్లాడరు అబ్బాయ్. ఎక్కడున్నాడు బ్రెసాక్?"

"పడిపోయారు సార్," అన్నాడు కేరా. ఈసారి నేల చూస్తూ.

* * *

విమానం గుడ్డ షెడ్డులో ఉంది. కోద్రోన్ జి-3. మెకానిక్కులు దాన్ని కోళ్ళ గూడు అంటారు. నిజంగా అలాగే ఉంది. పైనొక రెక్క, కిందొక రెక్క, మధ్యలో గుంజలూ తీగలూ. ఇద్దరు మనుషులు పట్టే చిన్న తొట్టి. దాని ముక్కు మీద ఇంజిను. తొట్టి వెనక ఒళ్ళే లేదు. నాలుగు కర్రలు పోయి తోకని పట్టుకున్నాయి, అంతే. దీన్ని నమ్ముకుని మనుషులు ఆకాశంలోకి పోతున్నారా అని ఫోరెల్ ఒళ్ళు జలదరించింది. షెడ్డంతా కాలిన ఆముదం వాసన. ఇంజినుకి పోసేది ఆ నూనే.

ముందు సీటు పట్టీ చూశాడు. తెగలేదు. ఊడి రాలేదు. బకిలు చక్కగా విప్పి ఉంది. మనిషి తనంతట తనే విప్పుకున్నాడు.

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల పక్కనున్న చెక్క బద్దల కిందకి తల దూర్చాడు. ఈ మైదానం గొర్రెలు మేసిన బీడు, నేలంతా సుద్ద. బూట్లకి అంటుకునేది తెల్లటి పిండే. కానీ బద్దల సందులో ఎండిపోయిన నల్లమట్టి పెళ్ళ ఉంది. అందులో నలిగిన పచ్చటి పైరు. వేళ్ళతో లాగి చూశాడు. గోధుమ. లేత గోధుమ.

"ఈ చుట్టుపక్కల గోధుమ చేను ఉందా?" అని మెకానిక్కుని అడిగాడు.

"ఇక్కడెక్కడ సార్? వాగు అవతలికి పోవాలి."

ఫోరెల్ లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం భయం మర్చిపోయాడు. విమానం మధ్యలో ఎక్కడో దిగింది. బ్రెసాక్ పడిపోలేదు. దిగాడు.

"శభాష్ ఇన్‌స్పెక్టర్ గారూ!"

వెనక కెప్టెన్ లూసియన్ తెర్నే. ప్రధాన స్థావరం నుంచి వచ్చిన గూఢచార విభాగం ఆఫీసరు. పల్చటి మనిషి, నున్నగా దువ్విన మీసం, చేతికి బూడిదరంగు తొడుగులు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. ఫోరెల్ చేతిలోని మట్టిపెళ్ళని మెల్లిగా తీసుకుని వెలుతుర్లో తిప్పి చూశాడు.

"రెండు రోజులుగా నాకు దొరకనిది మీరు ఒక్క పూటలో పట్టుకున్నారు. అంటే దిగాడన్నమాట."

"దిగాడు. కాబట్టి హత్య కాదు."

"హత్య కంటే ఘోరం." తెర్నే నవ్వలేదు. "పదిహేను రోజుల్లో మన మందుగుండు నిల్వలు మూడు పేలిపోయాయి. గురి చూసి కొట్టారు. ఒక్క గుండు వృథా పోలేదు. అవి ఎక్కడున్నాయో తెలిసింది నాకు, మా జనరల్‌కి. మూడోవాడు బ్రెసాక్. పైనుంచి అవి శత్రువుకి కనిపిస్తాయేమో చూసి రమ్మని వాడినే పంపాం. మొన్న బ్రెసాక్ మాయమయ్యాడు. నిన్న నాలుగోది పేలింది. అరవై మంది పోయారు ఇన్‌స్పెక్టర్ గారూ. మీ సార్జెంటు శత్రువుల పొలంలో దిగి, మన ఆఫీసర్ని మ్యాపుతో సహా వాళ్ళ చేతిలో పెట్టి వచ్చాడు. వాడి మెడకి ఉచ్చు నేను వేశాను. ముడి మీరు బిగించారు."

వాదన గట్టిదే. పైగా దానికి కావలసిన సాక్ష్యం తన చేతులతో తనే తీసిచ్చాడు.

"వాగు అవతల కూడా మనదే కదా. అక్కడా గోధుమ చేలున్నాయి," అన్నాడు చివరికి.

"మన నేల మీద దిగితే దాచడం దేనికి? నాలుగు గంటలకి సైనిక కోర్టు కూర్చుంటుంది. ఈ విభాగం ఆఫీసర్లందరూ ఇక్కడికే వస్తున్నారు. చీకటి పడేలోగా పని పూర్తయిపోతుంది."

"నాలుగు దాకా ఖైదీ నా అధీనంలో ఉంటాడు."

"ఏం చేస్తారు? ఇంకో వందసార్లు పడిపోయారనిపిస్తారా?"

"దిగిన చోటు చూపించమంటాను. పైనుంచి."

తెర్నే కనుబొమలు లేచాయి. "మీరా? నిన్న సాయంత్రం ఫిరంగి మోతకి భోజనాల బల్ల కిందకి దూరింది మీరేగా?"

"నేనే. మంచి గట్టి బల్ల."

"ముందు సీట్లో కూర్చోవాలి. మీ రివాల్వరు ముందుంటుంది, వాడు మీ వెనకుంటాడు. ఇటునుంచి ఇటే జర్మన్ల దగ్గర దింపితే?"

"ఖైదీ, ఇన్‌స్పెక్టరూ ఇద్దరూ పోయారని రాసుకోండి. మీకూ పని తగ్గుతుంది." తెగువగా అన్నాననుకున్నాడు ఫోరెల్. చివరి మాటకి గొంతు కీచుమంది. తెర్నేకి అది వినపడింది. అయినా వెటకారం చెయ్యలేదు. ఏదో ఆలోచిస్తున్నట్టు చూసి, పక్కకి తప్పుకున్నాడు.

* * *

కేరాని తీసుకొచ్చి సంకెళ్ళు విప్పారు. ఎందుకో చెబితే నమ్మలేనట్టు చూశాడు.

"మీరు నా ముందు కూర్చుంటారా సార్?"

"మరి నడపడం నాకు రాదుగా."

ఎక్కడం దగ్గరే సగం ప్రాణం పోయింది. తీగల మధ్య నుంచి ఒక కాలు దూర్చి, గుంజ పట్టుకుని, ఇంకో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఆడిస్తుంటే మెకానిక్కులు ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. కేరాయే వచ్చి కూర్చోబెట్టాడు. నడుం చుట్టూ పట్టీ బిగించి బకిలు పెట్టాడు. పొద్దుటి నుంచీ తనని నిలదీస్తున్న మనిషికి జాగ్రత్తగా, రెండుసార్లు లాగి మరీ చూశాడు.

"ఆ తీగల మీద చెయ్యి వెయ్యకండి సార్. భయమేస్తే తొట్టి అంచు పట్టుకోండి."

"ఇప్పుడే పట్టుకున్నాను."

ఇంజిను ఒక్కసారిగా అరిచింది. ఫోరెల్ మోకాళ్ళ ముందే, చేయి చాపితే అందేంత దూరంలో, ఇనపముద్ద గిర్రున తిరుగుతోంది. వేడి ఆముదం తుంపర్లు ముఖం మీద, కళ్ళద్దాల మీద పడ్డాయి. నేల దడదడమని ఎగిరెగిరి కొట్టింది. ఆ దడదడ హఠాత్తుగా ఆగిపోయింది. విరిగిపోయిందనుకున్నాడు. కళ్ళు తెరిస్తే షెడ్లు కింద ఉన్నాయి.

ఆ తర్వాత కొంతసేపు అతనికి ఆలోచనంటూ లేదు. పళ్ళు గిట్టకరుచుకుపోయాయి. రెక్క ఒకవైపు వాలినప్పుడల్లా ఒళ్ళంతా రెండోవైపుకి లాక్కుంటున్నాడు, తన బరువుతోనే అది నిలబడి ఉన్నట్టు. మెడ వెనక భాగం చల్లగా, నగ్నంగా ఉన్నట్టనిపించింది. అక్కడ కేరా ఉన్నాడు. ఒక్క దెబ్బ చాలు. లేదా బకిలు విప్పితే చాలు. పొద్దుటి నుంచీ విన్న మాట చెవిలో మోగుతోంది. లేచి నిలబడ్డారు. పడిపోయారు.

ఇంజిను ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం చప్పుడు కంటే ఘోరంగా ఉంది. తీగల మీద గాలి ఈల వేస్తోంది. విమానం ముక్కు కొంచెం దించి జారిపోతోంది. ఫోరెల్ నోట్లోంచి ఒక కేక వచ్చింది.

"నేనే ఆపాను సార్, భయపడకండి!" కేరా ముందుకి వంగాడు. మాట చెవి పక్కనే వినపడింది. "ఇంజినుంటే మాట వినపడదు. కిందికి జారేలోగా చెప్తాను. ఇక్కడైతే ఎవరూ వినరు. మీరు నన్ను నమ్మి ఎక్కారు, ఇంక దాచను. ఆయన బతికే ఉన్నారు."

"ఎక్కడ?"

"వాగు అవతల. మదాం గ్రిజో అని ఒక ముసలమ్మ ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతుంది. ఆ ముసలమ్మే జర్మన్ల మనిషి సార్! ఉతికిన దుప్పట్లు పచ్చిక మీద ఆరేసి సైగలు చేస్తోందట. పైనుంచి చూసి కనిపెట్టారాయన. చేతులారా పట్టుకోవాలని దిగిపోయారు. మన స్థావరంలోనే ఎవరో వార్త అందిస్తున్నారు, నేను బతికున్నట్టు తెలిస్తే ఆమె జాగ్రత్తపడుతుంది, పడిపోయాననే చెప్పు తమ్ముడూ, రెండు రోజుల్లో వచ్చేస్తాను అన్నారు. నేను ఒట్టేశాను."

"ఆ ఎవరో తెర్నే అనుకున్నావా?"

"అనుకున్నాను. అందుకే నోరు విప్పలేదు."

"చచ్చిపోయేవాడివి కదరా!"

"ఆయన వచ్చేస్తారనుకున్నాను సార్."

నేల దగ్గరవుతోంది. చెట్ల కొమ్మలు విడివిడిగా కనిపిస్తున్నాయి. కేరా మీట నొక్కాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణంలో ఫోరెల్ తనకి తెలిసిన ప్రార్థనలన్నీ కలిపేశాడు. ఇంజిను దగ్గి, మళ్ళీ అరిచింది.

వాగు దాటారు. పొలం కనిపించింది. పెంకుటిల్లు, కొట్టం, పక్కన గోధుమ చేను. చేలో పొడుగ్గా రెండు చాళ్ళు, విమానం దిగిన గుర్తులు. ఇంటి వెనక పచ్చిక, దాని మీద తెల్లగా దుప్పట్లు.

నేల మీద నిలబడి చూస్తే ఆరేసిన బట్టలే. ఇక్కడినుంచి చూస్తే ఒళ్ళు గగుర్పొడిచింది. దుప్పట్లన్నీ ఒకే వరసలో ఉన్నాయి. కొసన రెండు పక్కలకీ విరిచి బాణం ములుకు చేశారు.

వాటి మధ్య ఒక మనిషి తిరుగుతున్నాడు. ఎర్ర మఫ్లరు.

కేరా ఆనందంగా ఏదో అరిచాడు. వెనక నుంచి ఫోరెల్ భుజం తట్టాడు. కింద మనిషి తలెత్తి చూశాడు. చెయ్యి ఊపాడు. కేరా కూడా చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత కిందివాడు వంగి, ఒక దుప్పటి చివర పట్టుకుని పక్కకి లాగాడు. సరిచేసి, వెనక్కి నడిచి, తల వంచి చూసుకున్నాడు. ఇంకో దుప్పటి దగ్గరికి పోయాడు.

ఫోరెల్ చూపు బాణం వెంట పరుగెత్తింది. వాగు. చెట్ల తోపు. చర్చి గోపురం. దాని వెనక తెల్లటి బీడు, గుడ్డ షెడ్లు. వాల్మరే. ఉత్తరాన, జర్మన్ల వైపు, ఆకాశంలో సొరకాయ లాంటి బుడగ ఒకటి తాడు కొసన తేలుతోంది. దాని బుట్టలో దుర్భిణీ పట్టుకుని కూర్చునే మనిషికి ఈ పచ్చిక అరచేతిలా కనిపిస్తుంది.

నాలుగు గంటలకి ఆఫీసర్లందరూ అక్కడే ఉంటారు. తన పైలట్‌కి అక్కడే విచారణ జరుగుతుందని బ్రెసాక్ ఊహించే ఉంటాడు.

ఫోరెల్ చేత్తో సైగ చేశాడు. కేరా ఇంజిను ఆపాడు.

"చూశారా సార్! బతికే ఉన్నారు! చెప్పానా?"

"దుప్పట్లు చూడు. కొస ఎటుంది?"

"ముసలమ్మ అలా పరిచి ఉంటుంది..."

"ముసలమ్మ ఎక్కడుంది? సర్దుతున్నది ఎవరు?"

కేరా మళ్ళీ కిందికి చూడటానికి రెక్క ఒకవైపు వంచాడు.

"రెతెల్‌లో వాళ్ళావిడా పాపా ఎవరి చేతిలో ఉన్నారు కేరా? బిడ్డ గొంతు మీద చెయ్యి వేసి అడిగితే ఏ తండ్రి కాదనగలడు? నిల్వలు ఎక్కడున్నాయో చీటీలు రాసి, కుదిరినంతకాలం విమానం లోంచి జారవేశాడు. తెర్నేకి అనుమానం వచ్చింది. అందుకే చచ్చిపోయాడు. చచ్చిపోయాడని చెప్పడానికి నిన్ను పెట్టుకున్నాడు."

"నన్ను తమ్ముడూ అనేవారు," అన్నాడు కేరా. చాలా చిన్న గొంతుతో.

విమానం ముక్కు వాలింది. ఇంకా వాలింది. తీగల ఈల కేకగా మారింది. తొట్టి అంచు మీదుగా ఎర్ర మఫ్లరు పెద్దదవుతోంది. కేరా దాని మీదకే తిప్పాడు.

"కేరా! వద్దు! కేరా!" పట్టీ కడుపులోకి కోసుకుపోతోంది. ఫోరెల్ వెనక్కి తిరగలేడు, చేయి చాపలేడు. అరవడం ఒక్కటే చేతనైంది. "మైదానంలో వందమంది ఉన్నారు! నీ మెకానిక్కులున్నారు! వాళ్ళకి ఎవరు చెప్తార్రా!"

ఒక ఏడుపు వినిపించింది. ముక్కు లేచింది. ఇంజిను అందుకుంది. ఇంటి కప్పు చక్రాల కిందనుంచి పోయింది.

వాల్మరే చేరేసరికి ఆలస్యమైపోయింది. మొదటి గుండు చర్చి దగ్గర పడింది. రెండోది బీడు అంచున. సుద్ద తెల్లటి స్తంభంలా లేచి, నెమ్మదిగా కూలింది. మూడోదానికి ఒక షెడ్డు లేచిపోయింది. మనుషులు చీమల్లా పరుగెడుతున్నారు.

కేరా దిగడానికి విమానం ముక్కు వంచాడు. మైదానం మధ్యకి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. టోపీ లేదు. కోటు విప్పి తల మీద గిరగిరా తిప్పుతున్నాడు. దిగొద్దు, దిగొద్దు, పొండి అని. బూడిదరంగు తొడుగులు. కెప్టెన్ తెర్నే. అతని వెనక నేల పగిలింది. పడ్డాడు. మోకాళ్ళ మీద లేచి, మళ్ళీ కోటు ఊపాడు.

విమానం పైకి లేచి, చెట్ల తోపు మీదుగా తిరిగింది. ఇంజిను ఆగింది.

"పెట్రోలు అట్టే లేదు సార్. ఎక్కడ దిగమంటారు?"

ఫోరెల్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. దూరంగా ఏదైనా రోడ్డు, ఏదైనా మైదానం, ఏదైనా గట్టి బల్ల. ఎక్కడైనా సరే అనాలనిపించింది.

"ఆ దుప్పట్లు అక్కడ ఉన్నంతసేపూ అలా పడుతూనే ఉంటాయి కదా?"

"పడతాయి సార్. బుడగలోంచి వాటిని చూసే గురి సరిచేసుకుంటారు."

"అయితే బ్రెసాక్‌ని దింపిన చోటే దింపు."

"ఆయన దగ్గర కార్బైన్ తుపాకీ ఉంది. గురి తప్పదు."

"తెలుసులే. నడుపు."

వాగు మళ్ళీ కింద నుంచి పోయింది. కేరా ఇంజిను కట్టేశాడు. గోధుమ చేను పైకి లేచి వస్తోంది. ఫోరెల్ ఒక చేత్తో రివాల్వరు తీసి, రెండో చేత్తో బకిలు వెతుక్కున్నాడు. అది ఊడి రావటం లేదు. కేరా అంత గట్టిగా బిగించాడు.

చక్రాలు పైరుని తాకాయి. పచ్చిక ఎదురుగా వచ్చింది. బాణం ములుకు దగ్గర ఉన్న దుప్పటి మిగతా వాటిలా నేలకి అతుక్కుని లేదు. ఎత్తుగా ఉంది. దాని కింద నుంచి రెండు చెక్క చెప్పులు బయటికి ఉన్నాయి, చిన్నవి, ముసలమ్మ తొడుక్కునేవి. చెప్పుల్లో పాదాలున్నాయి.

దాని పక్కనే బ్రెసాక్ ఒక మోకాలి మీద కూర్చుని, కార్బైన్ భుజానికి ఆనించి, విమానం ఆగడం కోసం ఓపిగ్గా చూస్తున్నాడు.